పెరట్లో పేవర్ బ్లాకులు: గునపం పట్టిన రోజు నుంచి తొలి వాన దాకా

నవంబర్ చివరి వారం

మాది గుంటూరు జిల్లా నల్లరేగడి. వానాకాలం పెరట్లో అడుగు పెడితే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది, ఎండాకాలం అదే నేల వేలు దూరేంత బీటలు తీస్తుంది. అమ్మ సాయంత్రాలు కుర్చీ వేసుకుని కూర్చునేది అక్కడే, వేపచెట్టు పక్కన. సంక్రాంతిలోపు ఆ చోట 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున పేవర్ బ్లాకులు పరవాలని, ఈసారి నేనే చేయాలని అనుకున్నాను.

నేనే చేయాలనుకోవడానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట ఇంటి ముందు గేటు దగ్గర కాంట్రాక్టుకిచ్చి వేయించాం. రెండో వానాకాలానికే అక్కడక్కడా కుంగి నీళ్లు నిలవడం మొదలైంది. మొన్న అక్కడ నాలుగు బ్లాకులు ఎత్తి చూశాను. కింద రెండు అంగుళాల డస్ట్ (కంకర పొడి), దాని కింద నేరుగా నల్లమట్టి. తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకునే నేల మీద ఎంత మంచి బ్లాకు వేసినా నిలవదు. అందుకే ఈసారి బ్లాకుల కన్నా ముందు కింద ఏం వేయాలన్నది లెక్క వేసుకున్నాను.

పైనుంచి కిందికి: బ్లాకు 60 మిల్లీమీటర్లు, ఇసుక 25, వెట్ మిక్స్ (కంకర, కంకర పొడి నీళ్లతో కలిపినది) 100, ఎర్ర గ్రావెల్ 100. మొత్తం 285, అంటే పదకొండుంబావు అంగుళాల లోతు తవ్వాలి. గట్టి ఎర్రనేల అయితే ఇందులో ఒక పొర తగ్గించుకోవచ్చు.

బ్లాకుల కోసం మూడు యార్డులు తిరిగాను. రబ్బరు మౌల్డులో పోసినవి అద్దంలా మెరుస్తాయి, కానీ తడిస్తే జారతాయి. అమ్మ తిరిగే చోటు కాబట్టి మెషిన్ మీద నొక్కి తీసిన గరుకు రకమే తీసుకున్నాను. పేవర్ బ్లాకులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం మనుషులు నడిచే చోటికి 50 మిల్లీమీటర్ల మందం, ఎం30 కాంక్రీటు చాలు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ). తేలికపాటి బండ్లు తిరిగే చోటికి 60 మిల్లీమీటర్లు, ఎం35 కావాలి. ఎప్పుడైనా స్కూటర్ పెడతాం కదా అని 60 తీసుకున్నాను. సైజు 200×100. చదరపు మీటరుకి 50 పడతాయి, మా చోటు 20 చదరపు మీటర్లు, కోతలకీ విరుగుళ్లకీ ఇంకో 70 కలిపి 1,070 చెప్పాను. యార్డులో రెండు బ్లాకులు ఒకదానికొకటి కొట్టి చూడండి. బాగా క్యూరింగ్ అయినవి (తడుపుతూ గట్టిపడనిచ్చినవి) ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా మోగుతాయి.

డిసెంబర్ రెండో వారం

తుపాన్ల రోజులు గడిచాక మొదలుపెట్టాను. ముందు మూలమట్టం. గోడ వెంట 8 అడుగులు, అడ్డంగా 6 అడుగులు కొలిచి గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల మధ్య 10 అడుగులు రావాలి. నాలుగు మేకులూ పాతాక ఐమూలలు కూడా కొలిచాను. రెండూ 21 అడుగుల ఏడున్నర అంగుళాలు వచ్చేదాకా మేకులు జరుపుతూనే ఉన్నాను. ఈ ఒక్క పనికే గంటన్నర పట్టింది.

తర్వాత వాటం, అంటే నీళ్లు పోవడానికి వాలు. 60 అడుగులకి ఒక అడుగు చొప్పున పెట్టుకున్నాను. 12 అడుగుల వెడల్పుకి దాదాపు రెండున్నర అంగుళాల తేడా. ఇంటి గోడ వైపు ఎత్తు, అరటి మొక్కల వైపు పల్లం. లెవెల్ పైపులో బుడగలు లేకుండా నీళ్లు పోసి అన్ని మేకుల మీదా మట్టం గీసి, అక్కడి నుంచి కిందికి కొలిచి నూలు తాడు కట్టాను.

తవ్వడానికి ఇద్దరు కూలీలు సాయం వచ్చారు. లోతు దాదాపు పూర్తయ్యాక గునపం కింద ఉన్న కుళాయి పైపుకి తగిలింది. పైపు ఎటు నుంచి పోతుందో ముందే కనుక్కుని సున్నంతో గీత గీసి ఉంచాల్సింది. మోటారు ఆపి కప్లింగ్ వేసి, మట్టి కప్పేసి పని కొనసాగించాం.

మూడో వారం

తవ్విన అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచాను. నీళ్లని పోనిస్తుంది, కానీ నల్లమట్టి పైకొచ్చి గ్రావెల్‌లో కలవకుండా ఆపుతుంది. దాని మీద గ్రావెల్, ఆపైన వెట్ మిక్స్. పొరల్ని అదిమే యంత్రం, ప్లేట్ కంపాక్టర్, సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే దుకాణంలో రోజువారీ అద్దెకి దొరికింది. మూలల్లో మాత్రం దిమ్మిసతోనే కొట్టాలి.

మా వీధిలో తాపీ పని మానేసిన మేస్త్రీ బాబాయి ఉన్నారు. రోజూ సాయంత్రం వచ్చి చూసేవారు. గ్రావెల్ పిడికెడు తీసి నా చేతిలో పెట్టారు. "పిసుకు అబ్బాయ్. ముద్ద కట్టాలి, చేతికి నీళ్లు రాకూడదు. అప్పుడే కొట్టు." పొడిగా ఉంటే రేణువులు సర్దుకోవు, నీళ్లెక్కువైతే మెత్తగా ఊగుతుంది. నాలుగు అంగుళాలకి ఒకసారి తడిపి, కొట్టి, మళ్లీ తాడు పెట్టి చూసుకున్నాను.

ఆయన చెప్పిన ఇంకో మాట ఈ పని మొత్తానికీ కీలకం. వాటం ఈ పొరల్లోనే వచ్చేయాలి. ఇక్కడ ఎత్తుపల్లాలు వదిలేసి పైన ఇసుకతో సరిచేద్దామనుకుంటే ఇసుక మందంగా ఉన్న చోట బ్లాకులు కుంగుతాయి. ఇసుక అంతటా ఒకే మందం ఉండాలి.

అంచులకి మూడు వైపులా కర్బ్ రాళ్లు కాంక్రీటులో కూర్చోబెట్టాను, నాలుగో వైపు ఇంటి పునాది గోడ (ప్లింత్) ఉంది. అంచు కదిలితే లోపలి బ్లాకులు ఒక్కొక్కటే విడిపోతాయి. అందుకే నాలుగు రోజులు తడిపి వదిలేశాను.

ఈ విరామంలోనే అమ్మ అడిగింది: "మరి ముగ్గు ఎక్కడ వేయాలిరా?"

నిజమే. గరుకు బ్లాకుల మీద ముగ్గు గీత నిలవదు, పిండంతా సందుల్లోకి పోతుంది. మెట్టు ముందు నాలుగు అడుగుల చదరంలో నునుపైన బేతంచర్ల నాపరాయి వేద్దామనుకున్నాం. 2×2 పలకలు నాలుగు. బ్లాకుకి మూడు మిల్లీమీటర్ల సందు కలుపుకుంటే ఆరు బ్లాకులు సరిగ్గా నాలుగు అడుగులు, కాబట్టి రాయి చుట్టూ సన్న ముక్కలు రాలేదు. రాయి మందం మాత్రం ఒక అంగుళమే. అందుకని ఆ చదరంలో ఇసుక బదులు 40 మిల్లీమీటర్ల కాంక్రీటు, 20 మిల్లీమీటర్ల మాలు వేసి, పైమట్టం బ్లాకులతో కలిసేలా కూర్చోబెట్టాను.

డిసెంబర్ చివరి శని, ఆదివారాలు

ఒక అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపులు రెండు సమాంతరంగా పెట్టి, మధ్యలో ఇసుక పోసి, అల్యూమినియం బద్దతో లాగాను. ఆ పైపు బయటి కొలత 33 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, కంపాక్టర్ తిప్పాక ఇసుక దిగి 25 దగ్గర నిలుస్తుంది. కడిగిన ముతక ఇసుకే వాడాను. డస్ట్‌లో సన్న పొడి ఎక్కువగా ఉంటే నీళ్లు పట్టేసి బురదవుతుంది. లాగిన ఇసుక మీద కాలు పెట్టకుండా, పరిచిన బ్లాకుల మీదే కూర్చుని ముందుకి జరగాలి.

వరస చేపముల్లులా వేశాను. ఒక్కో బ్లాకు పక్కవాటికి అడ్డంగా పడుతుంది కాబట్టి బరువు నాలుగు వైపులకీ పంచుకుంటాయి. అంచుల్లో సగం బ్లాకులు చాలు. డైమండ్ బ్లేడుతో నీళ్లు పోస్తూ కోశాను. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి చేటు.

పరిచాక రబ్బరు షీటు వేసి కంపాక్టర్ రెండుసార్లు తిప్పాను. నాపరాయి మీదికి మాత్రం పోనివ్వలేదు. తర్వాత ఎండబెట్టి జల్లించిన సన్న ఇసుక చీపురుతో సందుల్లోకి ఊడ్చి మళ్లీ తిప్పాను. చూసినవాళ్లు సిమెంటు పాలు పోయమన్నారు, పోయలేదు. సిమెంటు పగులుతుంది, ఆపైన ఒక్క బ్లాకు తీయాలన్నా పక్కవి విరుగుతాయి.

భోగికి ముందు రోజే అమ్మ నాపరాయి మీద చుక్కలు పెట్టింది.

ఏప్రిల్

మొన్న గాలివాన వచ్చింది. వాన ఆగిన పది నిమిషాలకి బయటికొచ్చి చూస్తే నీళ్లన్నీ అరటి పాదుల్లోకి పోయాయి. బ్లాకుల మీద జనవరిలో వచ్చిన తెల్లటి పొర కూడా సగం పోయింది. అది కాంక్రీటులోని సున్నం, వానలకి దానంతటదే తగ్గుతుంది, యాసిడ్ పోయనక్కర్లేదు.

ఒక్క చోట మాత్రం పళ్లెమంత మడుగు నిలిచింది. బద్ద పెట్టి కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు కుంగింది. ఎక్కడో కాదు, కుళాయి పైపు అతికించిన చోటే. ఆ రోజు తొందరలో కప్పిన నల్లమట్టి మీద దిమ్మిస సరిగ్గా పడలేదు. రెండు బల్లపరుపు స్క్రూడ్రైవర్లతో పదహారు బ్లాకులు పైకి లేపి, ఇసుకా వెట్ మిక్సూ గ్రావెలూ తోడేసి, ఆ మెత్తటి మట్టిని పైపు దాకా తీసేశాను. దాని చోట వెట్ మిక్స్ నింపి, తడిపి, పొరలుగా దిమ్మిసతో కొట్టి, ఇసుక పరిచి మళ్లీ పేర్చాను. ఒక పూట పని. మిగిలిన వంద బ్లాకుల్లో ఒక్కటి కూడా తీయాల్సిన అవసరం రాలేదు, అవి మెట్ల కింద పేర్చి ఉన్నాయి. వేసవి సెలవుల్లో గేటు దగ్గర కుంగిన బ్లాకులు ఎత్తి, అక్కడా ఇలాగే అడుగు నుంచి మొదలుపెడతాను.