బావ మీద గెలిచిన బామ్మర్ది

మా అనంతపురం జిల్లాలో ఎన్నికలొస్తే బావ ఒక పార్టీలో, బామ్మర్ది ఇంకో పార్టీలో ఉండటం ఇప్పుడెవరికీ వింత కాదు. ఎవరు గెలిచినా పనులు ఇంటి గడప దాటిపోవు. అందుకే 1952లో ఇక్కడే జరిగిన ఒక బావాబామ్మర్దుల పోటీ గురించి ఇప్పటి పిల్లలకు చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే అది ఈ లెక్కల పోటీ కాదు.

తరిమెల నాగిరెడ్డి 1917లో శింగనమల దగ్గర తరిమెలలో, బాగా భూములున్న ఇంట్లో పుట్టాడు. రిషివ్యాలీలో, మద్రాసు లయోలాలో చదువుకుని లా కోసం కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి పోయాడు. ఆ రోజుల్లో మా సీమలో అంత చదువంటే మాటలా! తిరిగొచ్చి వకీలుగా స్థిరపడొచ్చు, ఊళ్లో పెత్తనం చేసుకోవచ్చు, అదీ కాదంటే కాంగ్రెస్‌లో చేరితే అక్కడ నీలం సంజీవరెడ్డి ఉండనే ఉన్నాడు, నాగిరెడ్డి తోబుట్టువు నాగరత్నమ్మ ఆయన భార్య. ఈ దారులన్నీ వదిలేసి కమ్యూనిస్టు అయ్యాడు, తెల్లవాళ్ల కాలంలోనూ జైలుకు పోయాడు, స్వాతంత్ర్యం వచ్చాకా పోయాడు.

మొదటి సాధారణ ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి జైల్లో ఉండే పోటీ చేశాడు. ఎదుట నిలబడింది మరెవరో కాదు, సంజీవరెడ్డే. అప్పటికే మద్రాసులో మంత్రిగా చేసి, ఆంధ్ర కాంగ్రెస్‌కు అధ్యక్షుడైన మనిషి! ఆ ఎన్నికల్లో ఇప్పట్లా పేర్లన్నీ ఒకే కాగితం మీద ఉండేవి కాదు, అభ్యర్థికొక పెట్టె, దాని మీద గుర్తు అంటించి ఉండేది, మనకిష్టమైన పెట్టెలో కాగితం వేసి రావడమే. జీవితంలో మొదటిసారి ఓటేస్తున్న కూలీలు, చిన్న రైతులు తెర చాటుకు పోయి కంకి కొడవలి ఉన్న పెట్టెను వెతుక్కున్నారు. అభ్యర్థి వాళ్ల గడప తొక్కి దండం పెట్టే వీలే లేదు, అయినా గెలిపించారు. నాకు ఈ గెలుపు కంటే గొప్ప ఎన్నిక మా జిల్లా చరిత్రలో కనబడదు.

తర్వాత 1957లో లోక్‌సభకు, 1962లో, 1967లో మళ్లీ అసెంబ్లీకి గెలిచాడు.

ఇన్ని గెలిచిన మనిషి 1969లో రాజీనామా చేసి బయటికొచ్చేశాడు. ఈ సభలతో పేదోడి బతుకు మారదని తేల్చుకున్నాడు. పదవి విసిరికొట్టడం మాటలు కాదని నేనూ ఒప్పుకుంటా, కానీ ఈ ఒక్క విషయంలో ఆయనతో నాకు పేచీ ఉంది. ఎమర్జెన్సీలో, అజ్ఞాతంలో ఉండగానే 1976 జులైలో చనిపోయాడు. సరిగ్గా ఏడాదికి బావ రాష్ట్రపతి అయ్యాడు. నాగిరెడ్డి సభలోనే ఉండి ఉంటే, ఆ చదువుతో, ఆ గొంతుతో, మా కరువు గురించి, కూలి రేట్ల గురించి మంత్రులను నిలబెట్టి అడిగి ఉండేవాడు కదా అని నా బాధ. జైల్లో ఉన్నా నమ్మి ఓటేసిన వాళ్లకు, సభలో ఆయన కావాలి.