17 ఏళ్ళు అందరికీ చేశా, మొన్న నాకు చేశారు: నా కొలనోస్కోపీ అనుభవం

నేను గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ని, అంటే కడుపు, పేగుల డాక్టర్‌ని. 17 ఏళ్ళుగా దాదాపు రోజూ ఎవరో ఒకరికి స్కోప్ వేస్తూనే ఉన్నా (కెమెరా ఉన్న సన్నటి గొట్టం మలద్వారం గుండా పెద్దపేగులోకి పంపి చూడటం), పేగు కడిగినట్టు ఖాళీ అవ్వడానికి ముందు రోజు తాగాల్సిన మందు గురించి ఎవరు భయపడినా నా దగ్గర ఒకటే డైలాగ్, "కాస్త ఉప్పగా ఉంటుందండీ అంతే, తాగేయండి ఏం కాదు" అని. నేను మాత్రం ఒక్క గుక్క కూడా ఎప్పుడూ తాగి చూళ్ళేదు.

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు చిన్న పాలిప్‌గా (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) మొదలై ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతుంది, పాలిప్‌గా ఉన్నప్పుడే తీసేస్తే గొడవ అక్కడితో పోతుంది, ఈ ముక్క నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తా. అమెరికాలో 2021లో స్క్రీనింగ్ (ఏ ఇబ్బందీ లేకపోయినా ముందుగా చేయించుకునే పరీక్ష) మొదలుపెట్టే వయసు 50 నుంచి 45కి తగ్గించారని కూడా చెప్తా. నాకేమో 48 వచ్చేశాయి. మా ఆవిడ "అందరికీ చెప్తారు కదా, మరి మీ సంగతేంటి" అని ఏడాదిగా అడుగుతూనే ఉంది, నేను బిజీ బిజీ అని తప్పించుకుంటూ వచ్చా. బిజీ ఏం లేదు, భయం.

మందు తాగడం రెండు విడతలు, సగం ముందు రోజు సాయంత్రం, మిగతా సగం తెల్లవారుజామున. మొత్తం రాత్రే తాగేస్తే తెల్లారేసరికి చిన్నపేగు నుంచి పసుపచ్చ జిగురు దిగి కుడివైపు పెద్దపేగు గోడకి పూత పూసినట్టు పట్టేస్తుంది, బల్లపరుపుగా ఉండే పాలిప్స్ దాని కింద దాక్కుంటాయి, అందుకే ఈ రెండో విడత. కారణం తెలిసి కూడా తెల్లారి నాలుగింటికి అలారం మోగితే లేవబుద్ధి కాలేదు. ఉప్పగా ఉండటం కాదండీ బాబూ అసలు బాధ, అది నూనె కలిపిన నీళ్ళలా నాలిక మీద జారుతుంది, మూడో గ్లాసు దగ్గర వాసనకే కడుపులో తిప్పింది. ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లబరిచి, స్ట్రా నాలిక వెనక దాకా పెట్టి పీలిస్తే దిగింది. ఈ చిట్కా నాకు చెప్పింది మా ఎండోస్కోపీ నర్స్, ఏళ్ళుగా పేషెంట్లకి ఆవిడే చెప్తోందంట, నాకు తెలీనే తెలీదు. ఇంకోటి, తుడిచి తుడిచి చర్మం మండిపోతుంది, ముందే వాజలీన్ రాసుకోవాలని నేను పేషెంట్లకిచ్చే సూచనల పేపర్లో ఎక్కడా లేదు.

స్కోప్ వేసింది నా దగ్గరే పని నేర్చుకున్న అబ్బాయి. వెనక ముడి ఊడిపోతున్న ఆ గౌన్ వేసుకుని, చేతికి కాన్యులాతో పడుకుంటే "సర్, ఎడమ వైపు తిరగండి, మోకాళ్ళు పైకి" అంటున్నాడు, నేను వాడికి నేర్పిన మాటలే. లోపలికి ఎంత ఫాస్ట్‌గా వెళ్ళావన్నది కాదు, చూసేదంతా బయటికి వస్తూనే చూడాలి, కనీసం ఆరు నిమిషాలైనా పట్టాలి అని వాడిని ఎన్నిసార్లు తిట్టానో. అది గుర్తొచ్చి, పాపం వీడికి ఇవాళ ఎంత టెన్షనో అనుకున్నా. మిడాజొలామ్ అనే మత్తుమందు ఎక్కింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది రికవరీ రూమ్‌లో పైన ఫ్యాన్.

ఇక్కడే నాకు అసలు దెబ్బ తగిలింది. కారులో ఇంటికెళ్తుంటే (మా ఆవిడ డ్రైవింగ్, మత్తు ఇచ్చాక 24 గంటలు మనం బండి ముట్టకూడదు) "ఇంతకీ రిజల్ట్ ఏంటంట" అని అడిగా. ఆవిడ నావైపు వింతగా చూసింది. వాడొచ్చి పది నిమిషాలు కూర్చుని అంతా చెప్పాడంట, కుడివైపు పేగులో 7 మిల్లీమీటర్ల పాలిప్ ఉంటే తీగ ఉచ్చు వేసి తీసేశామన్నాడంట, నేను తల ఊపానంట, ప్రశ్నలు కూడా వేశానంట. ఒక్క అక్షరం గుర్తులేదు నాకు. మిడాజొలామ్ జ్ఞాపకం నిలవనివ్వదని పరీక్షల్లో రాసినవాణ్ణే, కానీ 17 ఏళ్ళుగా నేను చేసిందీ ఇదే కదా, కేస్ అవ్వగానే రికవరీలోకి వెళ్ళి, కళ్ళు తెరిచిన మనిషికి గబగబా రిజల్ట్ చెప్పేసి, తల ఊపారు కాబట్టి అర్థమైందనుకుని తర్వాతి కేస్‌కి వెళ్ళిపోవడం. "డాక్టర్ నాకేం చెప్పలేదు" అని వారం తర్వాత వచ్చి గొడవపడినవాళ్ళని మనసులో ఎంత విసుక్కున్నానో.

బయాప్సీకి ఐదు రోజులు పట్టింది. అంత చిన్న పాలిప్‌లో క్యాన్సర్ ఉండటం చాలా అరుదని నాకంటే బాగా ఎవరికి తెలుసు, అయినా ఫోన్ మోగిన ప్రతిసారీ గుండె ఝల్లుమనేది. ట్యూబ్యులర్ అడినోమా అని వచ్చింది, అంటే వదిలేస్తే ఎప్పటికో చెడేదేమో, ఇప్పటికైతే పూర్తిగా పోయినట్టే, మళ్ళీ ఏడేళ్ళ తర్వాత చూపించుకుంటే చాలు.

ఇప్పుడు రికవరీలో నేను రిజల్ట్ చెప్పేటప్పుడు తోడొచ్చినవాళ్ళు పక్కన ఉండాల్సిందే. చెప్పింది పేపర్ మీద రాసిస్తున్నా, మర్నాడు ఫోన్ చేసి మళ్ళీ చెప్తున్నా. రోజుకి ఓ అరగంట ఎక్కువ పడుతోంది, మా నర్స్ ఒకటే గొణుగుడు.

అన్నట్టు మత్తులో నేనేం ప్రశ్నలు వేశానో తర్వాత మా వాణ్ణి అడిగా. "ఒకటే ప్రశ్న సర్, మూడుసార్లు అడిగారు, బయటికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందని." తొమ్మిదంట.