రాయగడ నుంచి చెకాగుడ ఊయల వంతెనకి ఒక్కరోజులో: నా అనుభవం

శ్రీకాకుళం ఊళ్లో చూసే నాగావళికీ, ఒడిశాలో రాయగడ దాటాక చూసే నాగావళికీ పోలికే ఉండదు. కింద అంతా ఇసుక, పైన అంతా బండ. కలహండి జిల్లా కొండల్లో పుట్టి, 256 కిలోమీటర్లు వచ్చి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే ఈ నది, పై సగంలో కొండల మధ్య ఇరుక్కుని రాతిని కోసుకుంటూ దిగుతుంది. చెకాగుడ దగ్గర దాని మీద మనుషులు నడిచే వేలాడే వంతెన ఉంది. రాయగడ నుంచి 30 కిలోమీటర్ల లోపే.

పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం నుంచి వచ్చిన చుట్టాల్ని అక్కడికి తిప్పి తీసుకురావడం మా రాయగడ తెలుగువాళ్లకి చలికాలంలో తప్పని డ్యూటీ. దారి చూపించడం అందులో చిన్న పని. వంతెన మీదికి ఒకేసారి ఎంతమందిని పంపాలి, నీటి దగ్గరికి ఎక్కడ దిగాలి, ఎప్పుడు లేవాలి అన్న మూడూ తేలితే మిగతాదంతా పులిహోర పొట్లాల లెక్కే.

ముందు కాలం సంగతి. నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచిది. నీరు తేటపడి, బండలు బయటపడతాయి. మార్చి తర్వాత రాయి కాలుతుంది, మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం. జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా నేను ఎవర్నీ ఏటి దగ్గరికి దింపను. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో పడిన వాన గంటల్లో కిందికి వచ్చేస్తుంది. 2017 జూలైలో మా జిల్లాలోనే కళ్యాణసింగపూర్ వైపు కురిసిన వానకి తెరుబలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయింది. ఇనుప గర్డర్లు ఆగని చోట మనం ఎంత? చలికాలంలో అయినా బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్తల్లో వస్తే ట్రిప్పు వాయిదా వేస్తాను. చుట్టాలు అలుగుతారు, అలగనివ్వండి.

దూరం నుంచి వచ్చేవాళ్లు ముందు రోజు రాత్రికే రాయగడ చేరితే మేలు. పొద్దున రైలు దిగి నేరుగా వెళ్దామంటే రైలు గంట లేటయినా రోజంతా చెడుతుంది, ఎందుకంటే ఈ ట్రిప్పులో కోయగలిగిన సమయం ఏదీ లేదు. రాయగడ ఊరి దేవత మజ్జిగౌరమ్మ దర్శనం కూడా అదే రోజు అంటారు చాలామంది. ఆదివారం అయితే ఆ మాట ఎత్తొద్దు, రద్దీలో రెండు మూడు గంటలు పోతాయి. ముందు రోజు సాయంత్రం దర్శనం చేసుకుని, మర్నాడు 7 గంటలకి బండెక్కడం పద్ధతి.

బండి మాట్లాడేటప్పుడు వెయిటింగ్‌తో కలిపి, రానూపోనూ ఒకే మాట మీద తేల్చుకోవాలి. దింపేసి సాయంత్రం వస్తానంటే ఒప్పుకోవద్దు. లోయలో ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, పిలిస్తే వచ్చేదీ రానిదీ తెలీదు. బండి అక్కడే, ముక్కు రోడ్డు వైపు తిప్పి ఉండాలి. మ్యాప్ ముందే ఫోన్లో దించి పెట్టుకోండి. అయినా మెయిన్ రోడ్డు దిగాక మ్యాప్ కంటే మనుషుల్ని అడగడమే సుఖం. 'వేలాడే వంతెన' అంటే పల్లెల్లో అందరికీ అర్థం కాకపోవచ్చు, 'ఝులా పోల' అనండి. ఒడియాలో ఆ మాటే. చిల్లర నోట్లు ఉంచుకోండి, సిగ్నల్ లేని చోట ఫోన్‌పే పనిచేయదు.

సామాన్ల దగ్గర నేను రాజీపడనివి నాలుగు. మనిషికి 3 లీటర్ల తాగునీరు. 20 మీటర్ల నైలాన్ తాడు, వేలి మందానిది. మూత గట్టిగా బిగించిన ఖాళీ 5 లీటర్ల డబ్బాలు రెండు, వీటి పని తర్వాత చెప్తాను. అందరి కాళ్లకీ వెనక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులో, బూట్లో. హవాయి చెప్పుతో తడి బండ మీద కాలు పెడితే చెప్పు ఒకవైపు, మనిషి ఒకవైపు. తోలు అడుగు ఇంకా అన్యాయం.

తొమ్మిదిలోపు చేరితే ముందు వంతెన. కాళ్లు తడవకముందే దాటాలి, తడి కాళ్లతో వంతెన మీద నడక జారుడే.

ఎక్కేముందు రెండు నిమిషాలు నిలబడి చూడండి. మన హైదరాబాద్ దుర్గం చెరువు దగ్గర చూసేది వేరే రకం: అక్కడ స్తంభం నుంచి తీగలు ఏటవాలుగా నేరుగా రోడ్డునే పట్టుకుంటాయి. ఇక్కడ రెండు పెద్ద ఇనుప తాళ్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దండెంలా సాగి ఉంటాయి, వాటి నుంచి కిందికి దిగిన సన్న కడ్డీలు నడకదారిని మోస్తాయి. బరువంతా చివరికి ఒడ్డున ఉన్న కాంక్రీటు దిమ్మల మీద పడుతుంది. అందుకే నేను చూసేది నడుమ కాదు, దిమ్మల దగ్గర. తాడు తిరిగి ముడిపడే చోట యూ ఆకారం క్లిప్పులు ఉంటాయి. వాటి వంపు భాగం పొట్టి కొస మీద, నట్లు కూర్చునే ఇనుప ముక్క బరువు లాగే తాడు మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే వంపు తాడుని నొక్కి తీగల్ని చితగ్గొడుతుంది. తుప్పు ఎర్రగా పొడిలా రాలుతుంటే, తీగలు పోచల్లా లేచి ఉంటే, కడ్డీలు వరసగా రెండు మూడు ఊడి ఉంటే ఎక్కకుండా వెనక్కి తిరగడమే. ఏ వేలాడే వంతెనకైనా ఇదే లెక్క.

ఇది అతి జాగ్రత్త అనుకునేవాళ్లకి మోర్బీ గుర్తుచేస్తాను. గుజరాత్‌లో 1879 నాటి వంతెన, మరమ్మతు చేసి తెరిచిన నాలుగు రోజులకే, 2022 అక్టోబరు 30న తెగిపడి 135 మంది పోయారు. తర్వాత దర్యాప్తులో తేలిందేమంటే, ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అంతకుముందే తుప్పు పట్టి ఉన్నాయని. పైన కొత్త నడకదారి వేస్తే కళ్లకి కొత్త వంతెనలాగే కనిపిస్తుంది. తాడు పాతదే కదా.

మనుషుల్ని పంపే విధానం ఇలా. ఒకసారికి ఐదుగురు, మనిషికీ మనిషికీ నాలుగడుగుల ఎడం. అందరూ ఒకే వైపు నడుస్తారు, ఎదురు బృందం ఉంటే వాళ్లు దిగేదాకా ఆగుతాం. అడుగులు కలపకూడదు. పాట పెట్టి తాళానికి నడవడం అన్నిటికంటే చెడ్డ పని. మనిషి సెకనుకి సుమారు రెండడుగులు వేస్తాడు, అందరివీ ఒకేసారి పడితే ఊపు మీద ఊపు చేరుతుంది, పిల్లల్ని ఊయలలో తోసినట్టే. 1831లో ఇంగ్లండులో బ్రాటన్ దగ్గర సైనికులు కవాతు చేస్తూ వెళ్తుంటే వంతెన కూలింది. ఆ తర్వాతే వంతెనల మీద సైన్యం అడుగు కలపకుండా నడవాలన్న నియమం వచ్చింది.

ఊగుడు ఎక్కువైతే పరిగెత్తాలనిపిస్తుంది. అది తప్పు. ఆగి, మోకాళ్లు కొంచెం వంచి, రెండు వైపులా పట్టుకుని పది లెక్కపెట్టండి, తగ్గిపోతుంది. ఫొటోలకి అందరూ సరిగ్గా నడుమకి వెళ్తారు. అక్కడ పక్కకి ఊగుడు ఎక్కువ. పైకీ కిందికీ కుదుపు మాత్రం పొడవులో పావు వంతు దగ్గర ఎక్కువగా తగులుతుంది. అందుకే ఒడ్డు నుంచి కొంచెం లోపలికి వెళ్లి, ఒక్కరు నిలబడి, ఇంకొకరు ఒడ్డు నుంచి తీస్తే ఫొటో కూడా బాగా వస్తుంది. ఫోన్‌ని చేతికి తాడుతో కట్టుకోండి, జారితే ఇక నాగావళిదే.

ఇంకొకటి, ఈ వంతెన మనకి ఆట, ఆ ఊరివాళ్లకి రోజువారీ దారి. నెత్తిన మోపుతో వచ్చే ఆడమనిషి కనిపిస్తే మనమే ఆగి దారి ఇవ్వాలి. ఆవిడ ఫొటో అడక్కుండా తీయొద్దు. పిల్లలకి చాక్లెట్లు విసరడం అయితే చూడలేకపోతాను.

పదిన్నర ప్రాంతంలో నీటి దగ్గరికి. ఎప్పుడూ బండి ఉన్న ఒడ్డునే. అవతలి ఒడ్డున గానీ, నది మధ్య బండ మీద గానీ అన్నాలు పెట్టుకోవద్దు. నీరు పెరిగితే ముందు మునిగేది మధ్య బండ కాదు, దానికి మనం నడిచి వెళ్లిన దారి. కూర్చున్న బండ పొడిగానే ఉంటుంది, చుట్టూ నీరు తిరిగిపోతుంది.

ఈ బండల్లో రుబ్బురోలు లోపలిలా నున్నగా, గుండ్రంగా గుంతలు కనిపిస్తాయి. సుడిలో పడిన గులకరాళ్లు ఏళ్ల తరబడి గిరగిరా తిరిగి తవ్వినవి. చూడ్డానికి స్నానాల తొట్టిలా ఉంటాయి. దిగొద్దు. తేటనీటిలో లోతు అసలుకి మూడొంతులే కనిపిస్తుంది, ఎనిమిదడుగులు ఆరడుగుల్లా అనిపిస్తుంది. గోడలు నున్నన, పట్టు దొరకదు. ఈ తూర్పు కనుమల్లో విరివిగా దొరికే ఒక రాయికి ఇక్కడి గిరిజన తెగ ఖోండుల పేరు మీదే ఖొండలైట్ అని పేరు పెట్టారు. ఆ సంగతి చెప్తే పిల్లలు గుంతల్లో దిగడం మానేసి రాళ్లు ఏరుకుంటారు, నాకు అదే కావాలి.

నీటిలో దిగాలంటే మోకాలు దాటకూడదు, అదీ ప్రవాహం నెమ్మదిగా ఉన్న ఒడ్డు వార. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది, మోకాలి లోతు చాలు మనిషిని పడగొట్టడానికి. బండ మీద నల్లగా మెరిసే చోట పాచి ఉందని అర్థం, గరుకుగా తెల్లగా ఉన్నచోటే అడుగు వేయాలి.

కూర్చోగానే నేను చేసే మొదటి పని, నీటి అంచున ఒక రాయి పెట్టడం. పావుగంటకోసారి చూస్తాను. రెండు వేళ్ల మందం పెరిగితే గిన్నెలు వదిలేసి అయినా పైకి. నీటి రంగు టీలా మారినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా రాయి చూడనక్కర్లేదు, లేవడమే. చేపలు పట్టేవాళ్లు కనిపిస్తే 'ఉపరే బర్షా హెలా కి?' అని అడగండి, పైన వాన పడిందా అని. వాళ్లు సామాన్లు సర్దుతుంటే మనమూ సర్దాలి.

ఎవరైనా జారి పడితే వెంట దూకకూడదు. ఇలాంటి చోట ఒకరి వెంట ఒకరు దూకే ఇద్దరు ముగ్గురు పోతారు. ఇందుకే ఆ ఖాళీ డబ్బాలు: ఒకదానికి తాడు కట్టి ముందే సిద్ధంగా ఉంచుతాను. మనిషికి కొంచెం ఎగువకి విసిరితే ప్రవాహమే దగ్గరికి చేరుస్తుంది. తాడు రెండో కొస చేతికి చుట్టుకోవద్దు, బండకి గానీ చెట్టుకి గానీ ఒక చుట్టు వేసి పట్టుకోవాలి. రెండో డబ్బా తాడు తెగినా, గురి తప్పినా పనికొస్తుంది. 112, 108 రెండూ ఒడిశాలోనూ పనిచేస్తాయి, కానీ సిగ్నల్ కోసం ఒకరు బండిలో రోడ్డు మీదికి పరిగెత్తాలి. ఆ ఒకరు ఎవరన్నది పొద్దున్నే చెప్పేస్తాను.

తిండి దగ్గర పెద్ద కథ లేదు. పొద్దున బయల్దేరే ముందు బరా, గుగుని, అంటే గారెలూ బఠాణీ కూరా. మధ్యాహ్నానికి పులిహోర, వేపుడు, పెరుగు విడిగా. సాంబారన్నం కలిపి తెస్తే పన్నెండుకే పులుస్తుంది. అక్కడ వండే పని పెట్టుకుంటే పొయ్యి చుట్టూనే రోజు అయిపోతుంది, పైగా ఎండుటాకుల్లో నిప్పు. విస్తర్లు మాత్రం ప్లాస్టిక్ వద్దు. మనం అడ్డాకు అనేదాన్నే ఇక్కడ సియాలి అంటారు, సంతలో కట్టలు దొరుకుతాయి. దారిలో సలప అమ్మేవాళ్లు తగులుతారు, మన జీలుగు కల్లే అది. ఏటికి దిగే రోజున మాత్రం దాని జోలికి వెళ్లకూడదు. ఈ ఒక్క విషయంలో బావమరదులకి కూడా మినహాయింపు లేదు.

మూడున్నరకి బండెక్కాలి. డిసెంబరులో సూర్యుడు ఐదు దాటగానే దిగిపోతాడు, లోయలో నాలుగుకే నీడ పడుతుంది. దారిలో పశువులు ఇళ్లకి మళ్లే వేళ కూడా అదే.

ఊరికి చేరేముందు వెలుతురు మిగిలితే హాతీపథర్. పట్నానికి రెండు కిలోమీటర్లలో, ఇదే నాగావళి మీద, ఏనుగుల్లాంటి రెండు పెద్ద బండలు. పొద్దంతా జాగ్రత్తగా ఉన్నవాళ్లు ఇక్కడ ఊరి పక్కనే కదా అని అంచుకి వెళ్లిపోతారు. కాళ్లు అప్పటికే అలసి ఉంటాయి. నేను పైనుంచే చూపించి తీసుకొచ్చేస్తాను.

సాయంత్రం పూట నిండు చేతుల చొక్కాలు వేసుకోండి. ఈ కొండ జిల్లాల్లో మలేరియా ఉంది. ఇంటికెళ్లాక వారం దాటి, నెలల తర్వాత అయినా చలిజ్వరం వస్తే, మాత్ర మింగి ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించుకుని, రాయగడ వెళ్లొచ్చామని డాక్టరుకి ముందే చెప్పండి.