చెయ్యి వేసే ముందు చెప్పు

మన నర్సింగ్ బ్యాచ్ వాళ్ళం ఎక్కడ కలిసినా మాటలు చివరికి మనం ట్రైనింగ్ చేసిన ఉస్మానియా హాస్పిటల్ వార్డుల దగ్గరికే వస్తాయి. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి తెల్ల ఆప్రాన్ నలగకుండా చూసుకుంటూ లోపలికి వెళ్తే ఎత్తైన సీలింగులు, ఫినాయిల్ వాసన, బెడ్ల మధ్యన నేల మీదే దుప్పటి పరుచుకుని పడుకున్న అటెండెంట్లు. లంచ్ టైమ్‌కి, 1908 మూసీ వరదప్పుడు 150 మంది దాకా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న ఆ చింతచెట్టు ఉంది కదా, ఆ వైపు వెళ్ళి డబ్బాలు తెరిచేవాళ్ళం.

అక్కడ మన క్లినికల్ మేడమ్ నేర్పిన ఒక్క విషయం గురించే రాద్దామనుకున్నా. ఇంజక్షన్, డ్రెస్సింగ్, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఇవన్నీ ఏ నర్సింగ్ స్కూల్లోనైనా నేర్పుతారు, మేడమ్ మాత్రం పేషెంట్ మీద చెయ్యి వేసే ముందు ఏం చెయ్యబోతున్నావో చెప్పు అని రోజూ వెంటపడేవారు. స్పృహలో లేని పేషెంట్‌కి కూడా చెప్పమనేవారు, వాళ్ళకి వినపడదని మనకెలా తెలుసు అని.

సర్జికల్ వార్డులో పాతబస్తీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది, షుగర్ వల్ల కాలికి పుండు, డ్రెస్సింగ్ ట్రాలీ కనిపిస్తేనే కాలు లాగేసుకుని ఏడ్చేది, ఇద్దరు పట్టుకుంటే గానీ పని అయ్యేది కాదు. మేడమ్ ఒకరోజు మమ్మల్ని పక్కన నిలబెట్టి తనే చేశారు. ముందు స్క్రీన్ తెప్పించి అడ్డం పెట్టించారు. ఆవిడ మొహం దగ్గరికి వంగి "అమ్మా, పట్టీ ఖోల్తూం, దర్ద్ హుయా తో బోలో, రుక్తూం" (కట్టు విప్పుతున్నా, నొప్పేస్తే చెప్పు, ఆగుతా) అన్నారు. అతుక్కుపోయిన గాజుగుడ్డ మీద సెలైన్ పోసి అది పూర్తిగా నానేదాకా అలాగే ఆగారు, ఈలోపు ఆవిడ మనవడి పేరు అడిగారు. తర్వాత ఒక అంచు పట్టుకుని కొంచెం తీయడం, ఆవిడ చెయ్యెత్తితే ఆగడం, మళ్ళీ కొంచెం. ఎవ్వరూ కాలు పట్టుకోలేదు. మర్నాడు ఆవిడే మమ్మల్ని పిలిచి మడమ దగ్గర కొత్తగా మంటగా ఉందని చూపించింది, చూస్తే అక్కడ ఇంకో పుండు మొదలవుతోంది. అప్పటిదాకా భయానికి ఆ కాలు ఎవర్నీ సరిగ్గా చూడనివ్వలేదు.

నాకు అర్థమైంది ఇదే. మర్యాదగా మాట్లాడటం అంటే పని అంతా అయ్యాక టైమ్ ఉంటే చేసేది అనుకుంటాం, కానీ మన మాట తీరుని బట్టే పేషెంట్ మనకి ఏం చెప్పాలో ఏం దాచాలో డిసైడ్ చేసుకుంటాడు. ఒక్కసారి కసిరితే చాలు, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి వాచి మండుతున్నా మళ్ళీ తిడతారేమో అని గమ్మునుంటాడు, షిఫ్ట్ మారి ఇంకొకరు వచ్చి చూసేసరికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) పెట్టిన చోటంతా ఎర్రగా గట్టిపడి ఉంటుంది.

మొన్నామధ్య మా నాన్నకి తుంటి ఎముక విరిగితే సిటీలోనే ఒక పెద్ద ప్రైవేటు హాస్పిటల్లో ఆపరేషన్ చేయించాం. రూమ్ చాలా బాగుంది. రాత్రి యూరిన్ పాట్ కోసం బెల్ నొక్కితే వచ్చిన అమ్మాయి "ఇందాకే కదా పెట్టాను, ఊరికే నొక్కకండి" అందట. ఆ తర్వాత నాన్న బెల్ ముట్టుకోలేదు. తెల్లవారుజామున పక్కన తమ్ముడు నిద్రపోతుంటే లేపడం ఎందుకని ఒక్కడే బెడ్ దిగబోయాడు, ఆపరేషన్ అయిన కాలు అది, రెయిలింగ్ చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది గానీ పడుంటే కథ మళ్ళీ మొదటికొచ్చేది.

ఆ పిల్ల మీద నాకు కోపం వచ్చింది, కానీ ఆ ఫ్లోర్‌లో ఒక సైడ్ మొత్తం రాత్రంతా తనొక్కతే చూస్తోంది, మందుల ఇండెంట్లు, కంప్యూటర్ ఎంట్రీలు, డిశ్చార్జ్ ఫైళ్ళు కూడా తనవే. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి ఒక నర్సు అని మనం చదువుకున్నాం, వార్డుకొచ్చేసరికి ఒకరిమీద ఎంతమందిని వేసినా అడిగేవాడు లేడు. నర్సులకి ఓపిక లేదని తిట్టేవాళ్ళు ముందు ఆ డ్యూటీ రోస్టర్ ఒకసారి చూడాలి.

మర్నాడు నైట్‌కి ఒక బ్రదర్, అంటే మగ నర్సు, వచ్చాడు, చిన్న కుర్రాడు, అతనికీ లోడ్ అంతే. రాగానే పేరు చెప్పుకున్నాడు, "పెద్దాయనా, ఎన్నిసార్లు పిలిచినా వస్తా, నేను లేటైతే పక్క సిస్టర్‌ని పంపిస్తా, మీరు మాత్రం ఒక్కరే దిగొద్దు" అన్నాడు. బెల్ వైరు దిండుకి క్లిప్ చేశాడు, బెడ్ ఎత్తు తగ్గించాడు, యూరిన్ పాట్ కుడిచేతికి అందేటట్టు పెట్టాడు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వెళ్ళబోతుంటే నాన్న ఆపి, పొద్దున్నుంచి పిక్కలో పట్టేసినట్టు నొప్పిగా ఉందని చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా నర్సుగా చేస్తున్న కూతుర్ని పక్కనే కూర్చున్నా, నాకు చెప్పలేదు! ఆ బ్రదర్ రెండు పిక్కలూ పోల్చి చూసి వెంటనే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాడు, డాప్లర్ (రక్తనాళాల స్కాన్) తీస్తే రక్తం గడ్డ. తుంటి ఆపరేషన్ల తర్వాత అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాలకే ప్రమాదమని మీకు నేను చెప్పక్కర్లేదు.

2020లో గాంధీ హాస్పిటల్‌ని పూర్తిగా కోవిడ్ హాస్పిటల్ చేసినప్పుడు అక్కడ చేసిన మన వాళ్ళు కూడా ఇదే చెప్తారు. అటెండెంట్లని రానివ్వరు, పీపీఈ కిట్‌లో సిస్టర్ మొహమే కనిపించదు, అందుకని కిట్ మీద మార్కర్‌తో పేరు రాసుకుని ముందు ఆ పేరు చదివి వినిపించి తర్వాత చెయ్యి పట్టుకునేవాళ్ళట.

ఉస్మానియా పాత బిల్డింగ్‌లోకి అదే 2020 జూలైలో వాన నీళ్ళొచ్చి పేషెంట్లని ఖాళీ చేయించారు, గోషామహల్‌లో ఉస్మానియా కొత్త హాస్పిటల్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయింది. అందులో ప్రతి బెడ్‌కీ ఒక కర్టెన్ ఉండాలని నా కోరిక. బెడ్‌పాన్ పెట్టేటప్పుడు పక్క బెడ్ వాళ్ళ చుట్టాలందరూ చూస్తుంటే ఎంత మంచి సిస్టర్ అయినా ఆ పేషెంట్ సిగ్గుని కాపాడలేదు, ఆ స్క్రీన్ కోసం మనం ఎన్ని వార్డులు తిరిగామో గుర్తుందా.

ఒక ప్రపోజల్. రీయూనియన్‌కి ఫైనలియర్ పిల్లలు ఎలాగూ వస్తారు కాబట్టి సన్మానాల టైమ్ కొంచెం తగ్గించి డెమో రూమ్‌లో వాళ్ళతో కూర్చుందాం. మనలో ఒకరు బెడ్ మీద పడుకోవాలి, పిల్లలు ఒక్కొక్కరు వచ్చి బీపీ చూడటం, పక్కకి తిప్పడం, డ్రెస్సింగ్ విప్పడం అన్నీ ముందు చెప్పి చెయ్యాలి, తెలుగులో ఒకసారి, మన హైదరాబాదీ ఉర్దూలో ఒకసారి. ఇన్‌ఛార్జ్‌లుగా ఉన్నవాళ్ళు ఇంకోటి చెయ్యొచ్చు, షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పజెప్పే హ్యాండోవర్‌లో డ్రిప్, డ్రెయిన్, యూరిన్ అవుట్‌పుట్‌తో పాటు ఈ పేషెంట్ దేనికి భయపడుతున్నాడు అని ఒక్క లైన్ చేర్పించండి. మా వార్డులో అది మొదలుపెట్టాక బెల్ కొట్టకుండా సొంతంగా దిగేవాళ్ళు బాగా తగ్గారు. పేషెంట్‌గా పడుకోవడానికి నేను రెడీ, స్క్రీన్ ఎవరు తెస్తారో గ్రూప్‌లో చెప్పండి.