ఈగల కోసం పూసే పువ్వు

మా కుండీలో స్టెపీలియా మొగ్గ ఇవాళ విచ్చుకుంది. అరచేతికంటే పెద్ద నక్షత్రం. ఐదు రేకలు, లేత పసుపు మీద సన్నటి ఎర్రటి అడ్డగీతలు, అంచుల వెంట నూగు. ఎంత అందమో! దగ్గరికెళ్తే మాత్రం కుళ్లిన మాంసం కంపు. కుండీ బయట పెట్టేయమని ఇంట్లోవాళ్ల గొడవ. నాకేమో అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా దక్షిణ భాగంలోని పొడి నేలలు. పువ్వు గంధకం కలిసిన రసాయనాల్ని గాల్లోకి వదులుతుంది. ఆ వాసన, ఆ రంగు, ఆ నూగు కలిసి చచ్చిన జంతువేమో అన్న భ్రమ కలిగిస్తాయి. ఈగ నమ్మి మధ్యలోకి దిగుతుంది. అక్కడున్న సన్నటి గాడిలో దాని కాలో, తొండమో ఇరుక్కుంటుంది. గింజుకుని లేచేసరికి జంట పుప్పొడి ముద్దలు అంటుకుని ఉంటాయి. పొడిలా రాలే పుప్పొడి కాదిది, మైనంలా గట్టిగా ఉంటుంది. మన జిల్లేడు పువ్వులోనూ ఇదే ఏర్పాటు, రెండూ ఒకే కుటుంబం మరి. విత్తనాలకుండే దూదికుచ్చు కూడా అచ్చం అలాగే.

సాయంత్రానికి పువ్వు నడుమ తెల్లటి గుడ్ల గుత్తి కనిపించింది. చూడగానే మనసు చివుక్కుమంది. పిల్లలు బయటికొస్తే తినడానికి అక్కడ ఏమీ ఉండదు, ఆకలితో చచ్చిపోతాయి. మొక్క తెలివిని మెచ్చుకుంటూనే ఆ తల్లి ఈగ మీద జాలిపడ్డాను.

పువ్వు కొద్దిరోజుల్లో ముడుచుకుపోతుంది. కాయ కట్టిందో లేదో తెలియాలంటే నెలల తరబడి ఆగాలి. కుండీ ఇప్పుడు మేడ మీద ఉంది.