ముప్పై ఆరు చాలంటావా చిన్నాయనా?

బాకరాపేటలో టీ తాగుతుండగా చిన్నాయన ఉన్నట్టుండి అడిగాడు. “పోయినేడు హార్స్లీ కొండల్లో తీసినావే, అవి యాడ పెట్టినావప్పా? ఒకటన్నా చూపించలేదే?”

నిజమే. మొత్తం 1,386 ఫొటోలు, దాదాపు 35 జీబీ. ఇంటికొచ్చిన రాత్రే కంప్యూటర్లోకి దించాను. తర్వాత ఎప్పుడు చూద్దామనుకున్నా ఆ అంకె కనబడుతుంది, ఫోల్డరు మూసేస్తాను. ఒక్కోటి 5 సెకన్లు చూసినా 2 గంటల పని. 2 గంటలు దొరకక కాదు, ఒకే కొండను 40 సార్లు చూడాలంటే విసుగు.

“ఉన్నాయిలే చిన్నాయనా” అని గ్లాసు కింద పెట్టేశాను.

రీలు కెమెరాల కాలంలో చిన్నాయన చిత్తూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. నేను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో మాత్రం కెమెరా పట్టుకునేవాణ్ణి. ఈసారి తిరుపతి వచ్చేముందే ఒక నియమం పెట్టుకున్నాను. పొద్దున తలకోనలో చేతికి అడ్డు లేదు. సాయంత్రం చంద్రగిరి కోటలో మాత్రం రీలు లెక్క, ఒక రీలుకు వచ్చే 36 అంటే 36. ఏది మేలో తేలిపోతుందని నా ఆశ.

కార్తీకమాసం, వారం ముందు వానలు పడ్డాయి. నేరబైలు దాటి అడవిలోకి వెళ్లేసరికి చలిగానే ఉంది. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దణ్ణం పెట్టుకుని, జలపాతం దాకా నడిచాం. 270 అడుగుల పైనుంచి పడే నీళ్లు. ఎండాకాలంలో వస్తే బండ మీద తడి గీతలా ఉంటుంది, ఆ రోజు మాత్రం పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే అరవాల్సి వచ్చింది.

నీళ్లు పాలధారలా రావాలంటే కెమెరా షట్టరు ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి. స్టాండు వేసి, వెలుతురు ఎక్కువైపోకుండా ఐఎస్ఓ 100, ఎఫ్ 11 పెట్టి, షట్టరుకు పావు సెకను ఇచ్చాను. మొదటి ఫొటోలో లెన్సు మీద తుంపర. చిన్నాయన తువ్వాలుతో తుడిచాను. రెండోదానిలో ఎవరో కుర్రాడు సరిగ్గా మధ్యలోకి వచ్చి సెల్ఫీ. మూడోదానిలో స్టాండు కాలు పాచి మీద జారింది. నాలుగోది బాగుందనుకుంటే మళ్లీ తుంపర. ఇలాంటి చోట 10 తీసి చాలించేవాళ్లు ఎవరన్నా ఉంటే వాళ్ల ఓపికకు కాదు, అదృష్టానికి దణ్ణం పెట్టాలి. పైగా ప్రతిసారీ నీళ్లు పడే తీరు వేరు. అక్కడే 90 అయ్యాయి.

ఇంతలో కోతులు. చిన్నమ్మ కట్టిచ్చిన చింతపండు చిత్రాన్నం పొట్లం చిన్నాయన పక్కన బండ మీద ఉంది. ఒక మగకోతి దాన్నే చూస్తూ, చూడనట్టు నటిస్తూ, కొంచెం కొంచెంగా జరుగుతోంది. చిన్నాయనను హెచ్చరించాలా, కెమెరా ఎత్తాలా? నేను కెమెరానే ఎత్తాను. సెకనుకు 10 చొప్పున వదలకుండా నొక్కాను. పొట్లం పోయింది. చిన్నాయన తిట్లు నీళ్ల చప్పుడులో సగమే వినబడ్డాయి. నాకు మాత్రం 64 ఫొటోలు. కిందికి దిగేసరికి మొత్తం 312.

దారిలో కొనుక్కున్న మసాలా బొరుగులతో సరిపెట్టుకుంటూ, చిన్నాయన కోపం చల్లార్చడానికి ఒక కథ చెప్పాను. అమెరికాలో గ్యారీ వినోగ్రాండ్ అని ఒక వీధి ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. 1984లో ఆయన పోయేనాటికి కడిగించకుండా మిగిలిపోయిన రీళ్లే దాదాపు 2,500. రీలుకు 36 వేసుకున్నా 90,000 ఫొటోలు. తీసిన మనిషే చూసుకోలేదు.

చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆయనకన్నా కడిగించే ఖర్చుందప్పా. నీకేం రోగం?” అన్నాడు.

నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు. అదే అమెరికాలో కొండల ఫొటోలకు పేరుబడ్డ ఆన్సెల్ ఆడమ్స్, ఏడాదికి 12 మంచి ఫొటోలు వస్తే పంట బాగా పండినట్టే అన్నాడని కూడా చెబుదామనుకున్నాను. చెబితే నా పంట ఎంతని అడుగుతాడు. ఊరుకున్నాను.

చంద్రగిరి చేరేసరికి మూడున్నర. పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండు వేయాలంటే ముందుగా అనుమతి కావాలి కాబట్టి దాన్ని బండిలోనే వదిలేశాను. రాజమహలు ముందు అరగంట ఊరికే తిరిగాను, ఒక్కటీ తీయకుండా. ఇది నాకు కొత్త. ఇంతకుముందైతే గేటు దాటేలోపే 20 అయ్యేవి. కెమెరా ఎత్తిన ప్రతిసారీ చిన్నాయన పక్కన నిలబడి, “ఇంత మహల్లో కొయ్య అనేదే వాడలేదప్పా, అంతా రాయి, ఇటుక, సున్నమే” అంటాడు. మూడోసారి విన్నాక కమానుల లోపలికి పోయి పైకి చూశాను. నిజంగానే దూలం లేదు. ఏటవాలుగా వచ్చిన ఎండ ఒక కమాను అంచు నుంచి జారి పక్క గోడ మీద సగం చంద్రుడిలా పడింది. అదే మొదటి ఫొటో. రాజులున్న కాలంలో కూడా ఇక్కడ ఇలాగే ఎండ పడి ఉంటుందని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది.

లెక్క ఉంటే చూపు మారుతుందన్నది నిజమే. 27 దాకా ఒక్కో ఫొటోకూ ఒక కారణం ఉంది. ఆ తర్వాతే పిసినారితనం మొదలైంది. కోనేటి గట్టున ఇద్దరు పిల్లలు, అక్క చున్నీ తమ్ముడు పట్టుకుని లాగుతూ పరుగు. చున్నీ గాలికి లేచి, మహలు రంగుకు ఎదురుగా పచ్చగా విచ్చుకుంది. ఇంకా 9 మిగిలాయి, తొందరెందుకు, మళ్లీ ఈ పక్కకే వస్తారులే అనుకున్నాను. రాలేదు. వాళ్లమ్మ కేకేసింది, గేటు వైపు వెళ్లిపోయారు.

చిన్నాయనకు చెప్పి బాధపడితే, ఆయన గట్టుమీద కూర్చుని తన సంగతి చెప్పాడు. పూతలపట్టు వైపు ఒక పెళ్లి. తాళి కట్టే ముందు చుట్టాలు బలవంతం చేసి గుంపు ఫొటోలు తీయించుకున్నారు. గట్టిమేళం మొదలయ్యేసరికి కెమెరాలో అంకె 36. మేళం మోగుతుంటే రీలు చుడుతున్నాడు, కొత్తది ఎక్కిస్తున్నాడు, చేతులు వణుకుతున్నాయి. తల ఎత్తేసరికి మూడు ముళ్లూ పడిపోయి అక్షింతలు రాలుతున్నాయి.

“మళ్లా కట్టమని అడగతామా? పెండ్లికూతురు నాయన నన్ను కొట్టలేదు, అంతే. లెక్కపెట్టి తీసినామంటే అదేదో గొప్పని కాదప్పా, దుడ్లు లేక. నాకా దినం నీ కెమెరా ఉండింటే వెయ్యి తీసుంటా. కానీ ఆ రాత్రే కూర్చోని 900 పారేసుంటా. కడిగినాక 36లో మేం ఆరు దాచిపెట్టి 30 ఇచ్చేవాళ్లం. ఆ ఆరూ చూపించకపోబట్టే మంచి ఫొటోగ్రాఫర్ అన్నారు.”

రీలు కాలపు మనిషి కాబట్టి నా నియమాన్ని మెచ్చుకుంటాడనుకున్నాను. మిగిలిన 9 చంద్రగిరిలో తీయనే లేదు.

ఆ రాత్రి తిరుపతిలో ఇంటికి చేరి, అన్నాలయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. తుంపర పడ్డవి, కదిలినవి, ఒకదానికొకటి కవలలుగా ఉన్నవి ముందు పోయాయి. ఏదైనా తీసేయడానికి నేను వెనకాడితే చిన్నాయన “పో” అనేవాడు, అంతే. గంటలో తలకోన 312 కాస్తా 7 అయ్యాయి. జలపాతంవి 3. కోతి 64లో 1: పొట్లం మీద దాని చెయ్యి, వెనకాల చిన్నాయన నోరు తెరిచి, కండువా సగం జారి. దాన్ని మాత్రం ఆయన “పో” అనలేదు. చిన్నమ్మను పిలిచి చూపించాడు. చంద్రగిరి 27లో 4 మిగిలాయి. ఒక రాత్రి చూడగలిగినన్నే పగలు తీయాలనిపించింది. నాకైతే అది 300 దాకా వస్తుందేమో, ఓపికున్నవాళ్లకు ఇంకా ఎక్కువ.

పదకొండు దాటాక చిన్నాయన పడుకున్నాడు. చెయ్యి వేడి మీదుంది కదా అని హార్స్లీ కొండల ఫోల్డరు తెరిచాను. మొదటి ఫొటో నా చెప్పులు. రెండోదీ చెప్పులే. మూడోదానిలో ఒక చెప్పే ఉంది.