ఫైబర్ కప్పు మీద యాంటెన్నా

మా మామగారి పాత కారవాన్ ట్రైలర్‌కి నిన్న రేడియో యాంటెన్నా బిగించాం. బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర షెడ్డులో ఏళ్ల తరబడి దుమ్ము పట్టి పడున్న బండి అది. ఎస్పీ రోడ్డులో కారు యాంటెన్నా ఒకటి కొన్నాను. గంట పని అనుకున్నా.

కప్పుకి రంధ్రం వేసేటప్పుడు నాకన్నా ఆయనకే ఎక్కువ టెన్షన్. "బాబూ, మెల్లగా... మెల్లగా" అంటూ నిచ్చెన వదల్లేదు. తీరా బిగించాక రేడియోలో ఒట్టి బుస్సుమనే శబ్దమే!

తర్వాత బుర్రలో వెలిగింది. కారుకైతే ఇనుప కప్పే యాంటెన్నాకి రెండో సగంలా పనిచేస్తుంది. మా బండిది ఫైబర్ కప్పు, దానికి ఆ పని చేతకాదు. అందుకే లోపలివైపు అల్యూమినియం రేకు పరిచి, యాంటెన్నా అడుగుభాగం దానికి గట్టిగా తగిలేలా బిగించాం. ఎఫ్ఎం స్టేషన్ రెయిన్‌బో 101.3 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది, అంటే తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. కడ్డీ అందులో పావు వంతుంటే బాగా అందుకుంటుంది, అందుకే 74 సెంటీమీటర్లకి సరిచేశాం. పాట ఖంగుమంది.

మామగారికి మాత్రం మీడియం వేవ్ కావాలి. బెంగళూరు 612 కిలోహెర్ట్జ్‌కి పావు వంతంటే 120 మీటర్ల పైమాటే, అంత కడ్డీ ఎక్కడ పెడతాం? అయినా ఎల్ఈడీ లైట్లు ఆర్పేస్తే గరగర తగ్గి, స్టేషన్ బాగానే పలికింది. చీకట్లోనే కూర్చుని వార్తలు విన్నారాయన.

రాత్రి వాన పడింది. పొద్దున చూస్తే కేబుల్ వెంట ఒక్క చుక్క. సీలెంట్ మళ్లీ వేయాలి. ఆయనకింకా చెప్పలేదు.